కాళ్ళు కడిగిన ఫోటో

ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు, శనివారం మధ్యాహ్నం. మెషిన్ దగ్గర అన్న. కాలేజీ తరఫున మూడు వారాల చదువు యాత్రకని విదేశానికి వెళ్ళి, పోయిన వారమే తిరిగొచ్చిన చెల్లెలు గుమ్మంలో.

"ఆపన్నయ్యా. ముందు ఆ మెషిన్ ఆపు."

"మధ్యలో ఆపితే గీత పడుతుందే. పదడుగుల బొమ్మ మీద గీత పడితే పాస్టరుగారు నా తోలు తీస్తారు."

"పడనీ."

"ఏంటే ఆ రొప్పు? రేపు చర్చిలో సంఘం ముందు సాక్ష్యం చెప్పేదానివి, ఇంట్లో కూర్చుని బట్టీ పట్టుకోక. ఇటు రా, చూడు. నీ మొహం వచ్చేసింది. ఎంత బాగా పడ్డావో!"

"నేను చూడను."

"ఓయబ్బో, సిగ్గే!"

"ఫోటో మార్చు. అందరం కలిసి దిగింది ఉందిగా, అది పెట్టు."

"మిమ్మల్ని తీసుకెళ్ళిన మేడమ్ నలభై ఫోటోల్లోంచి ఏరి మరీ పంపింది దీన్ని. కాలేజీ పిల్ల పరాయి దేశంలో మోకాళ్ళ మీద కూర్చుని ముసలావిడ కాళ్ళు కడుగుతోంది! ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టే ఉందని పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇక అమ్మ సంగతి చెప్పక్కర్లేదు, నిన్నటి నుంచి కనిపించినవాళ్ళనల్లా ఆపి చెబుతోంది."

"ముసలావిడ కాదు. అమ్మ వయసే."

"సరే, అమ్మ వయసే. అయితే ఏంటి?"

"ఆవిడ మొహం చూశావా?"

"చూశా. ఏడుస్తోంది. సంతోషం పట్టలేక."

"మేడమ్ కూడా అదే అంది."

"మరి?"

"ఎంతవరకు వచ్చింది బొమ్మ?"

"నడుము దాకా. పళ్ళెం, కాళ్ళు ఇంకా రావాలి."

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా, ఆపు."

"ఒసే, ఏడుస్తున్నావేంటే? ఉండుండు. ఇదిగో, ఆపేశా. పోతే పోయింది. కూర్చో. ఆ ఫ్లెక్సీ చుట్ట మీద కాదు, స్టూలు మీద. ఇప్పుడు చెప్పు."

"నేనున్నది ఆవిడింట్లోనే. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కర్ని పెట్టారు."

"తెలుసు. చెప్పుల షాపులో పని అన్నావు."

"అదే. వచ్చినవాళ్ళ ముందు రోజంతా మోకాళ్ళ మీద కూర్చుని చెప్పులు తొడగడమే ఆవిడ పని. నేను ఒక్క పూట కూర్చున్నా. అదీ ఫోటో తీస్తుంటే."

"అబ్బా, అంత లోతుకు పోతే ఎవరూ ఏ మంచీ చెయ్యలేరే తల్లీ."

"ఆవిడ కుడికాలికి మూడు వేళ్ళు లేవన్నయ్యా."

"ఏంటీ?"

"షుగరు. తీసేశారు. ఇంట్లో కూడా మేజోళ్ళతోనే తిరిగేది. స్నానం చేసి మేజోళ్ళతోనే బయటికొచ్చేది. కోడలికి కూడా తెలియనివ్వలేదు."

"ఫోటోలో... కనబడుతుందా?"

"పెద్దది చేసి చూడు."

"అయ్యో. నేను నీడ అనుకున్నానే. అక్కడ చీకటిగా ఉందని ఇందాక వెలుగు పెంచా కూడా."

"చివరి రోజు అందరూ వచ్చారు. వాళ్ళ సంఘం, ఆవిడ కోడలు, షాపులో తోటివాళ్ళు. ఎవరింట్లో ఉన్నవాళ్ళు ఆ ఇంటావిడ కాళ్ళు కడగాలని మేడమ్ వెళ్ళిన రోజే చెప్పింది. ఆవిడ ఎడమకాలు పెట్టింది. కుడిది కుర్చీ కిందకి లాక్కుంది. వద్దంది."

"నీకు అర్థం కాలేదేమో."

"వాళ్ళ భాషలో నాకొచ్చినవి పది మాటలు. వద్దు అనేది అందులో ఒకటి. నాలుగుసార్లు అంది."

"మొహమాటం అనుకుని ఉంటావు."

"మేడమ్ అలాగే అంది. మొహమాటపడుతోంది, వదలకు, వదలకు అని వెనక నుంచి. నేను మడమ పట్టుకుని బయటికి లాగి, మేజోడు ఊడబెరికా."

"అయ్యో అయ్యో."

"అందరూ ఆ కాలు చూశారు. తర్వాత చప్పట్లు. అసహ్యించుకోకుండా కడుగుతున్నానని చప్పట్లు కొట్టారన్నయ్యా! కోడలు మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయింది."

"ఆవిడేమీ అనలేదా?"

"అప్పుడేం అనలేదు. నిన్న మెసేజి పెట్టింది. ఫోన్లో మన భాషలోకి మార్చుకుని చదివా. ఇదిగో, నువ్వే చూడు. ఇంకోసారి చదవడం నావల్ల కాదు."

"బిడ్డా, క్షేమంగా చేరావా... ఆ రోజు కాలు వెనక్కి లాక్కుని నీ ప్రార్థన పాడుచేశాను. నావల్ల నీకు మాట వచ్చిందేమోనని నిద్రపట్టడం లేదు. మీ టీచరుగారిని కూడా నన్ను క్షమించమని చెప్పు... ఒసే, ఈవిడ క్షమించమంటుందేంటే!"

"అదే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు."

"అసలు నీకంత పట్టుదల ఏంటే? నాలుగుసార్లు వద్దంటే వదిలెయ్యక."

"నీకు తెలీదులే. రోజూ సాయంత్రం పుస్తకంలో రాయాలి, ఇవాళ నన్ను కదిలించినదేమిటి అని. అందరూ పేజీలకు పేజీలు నింపేవాళ్ళు. ఒకడు కుంటి కుక్కని చూసి వెక్కివెక్కి ఏడ్చాడు. నేనేమో ఇవాళ వాన పడలేదు అని రాసేదాన్ని."

"నిజంగానా?"

"ఏం కదలకపోతే ఏం రాయను? ఇక్కడ మీరందరూ తల మీద చేతులుంచి ప్రార్థన చేసి పంపారు. తిరిగొచ్చి మైకు ముందు నిలబడి ఏం చెప్పను, పరుపు మెత్తగా ఉందనా?"

"నవ్వు తెప్పించకే. సరే, ఇటు విను. ఈ ఫ్లెక్సీ బయటికి పోదు. నేనే చింపేస్తా. పాస్టరుగారికి ఫోన్ చేసి ఇంకు అయిపోయిందంటా, ఆ అబద్ధం నాది. మీ కాలేజీ వాళ్ళకి ఆ ఫోటో ఎక్కడ పెట్టినా తీసెయ్యమని ఇప్పుడే చెబుదాం."

"మరి రేపు?"

"రేపు లేచి జరిగింది జరిగినట్టు చెప్పు. తెలియక చేశానని చెప్పు. తెలియక చేసినదానికి దేవుడే ఏమీ అనడు, సంఘం ఏమంటుంది? ఆవిడకీ అదే రాయి. తెలియదమ్మా, తెలిసుంటే ముట్టుకునేదాన్ని కాదని రాయి."

"అలా రాయలేను."

"ఎందుకు రాయలేవు? నేను చెబుతా, రాసుకో."

"కోడలికే తెలియని సంగతి నాకెలా తెలిసిందని నువ్వింకా అడగలేదన్నయ్యా."

"ఏంటే నువ్వనేది?"

"మొదటి వారమే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తనే మేజోడు విప్పి నాకు చూపించింది. ఎవరికీ చెప్పకమ్మా అని ఫోన్లో మన భాషలోకి మార్చి చూపించి, నా రెండు చేతులూ పట్టుకుంది. నేనప్పుడే అనుకున్నా, చివరి రోజు అందరి ముందూ ఆ కాలే కడగాలని."