నిద్రపోని వేలు

నాగాయలంక రేవుకెళ్ళే దారిలో మంగతాయారు టీ బడ్డీ దగ్గర తెల్లారేసరికి నలుగురు చేరతారు. నలుగురిలో మాట్లాడేది మాత్రం ఒక్కడే, నాగభూషణరావు. బొంబాయి సముద్రంలో డైవరుగా చేసొచ్చానంటాడాయన. కాదనడానికి ఆ సముద్రం చూసొచ్చినవాడు ఊళ్ళో లేడు. ఆ మాట నమ్మే కాంతారావు తన రొయ్యల చెరువు కాపలా ఆయనకప్పజెప్పాడు. పోయిన పంట ముసురులో నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలన్నీ తేలిపోయాయి మరి. ఈ పంట కూడా పోతే చెరువు అమ్ముకోవడమే. అందుకని ఈసారి ఆక్సిజన్ తగ్గగానే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లని తనంతట తానే తిప్పే పెట్టె ఒకటి బిగించాడు, కరెంటు పోతే చేత్తో తిప్పుకోడానికి డీజిల్ ఇంజను పెట్టాడు, ఆ రెంటి మీదా ఆక్సిజన్ తెలిసిన మనిషిని పెట్టాడు.

ఆ పొద్దునా ముసురే. కాంతారావు మొదటి బస్సు దిగేసరికి నాగభూషణరావు బల్ల మీద మఠం వేసుక్కూచుని, ఇంజను షెడ్డు తాళంచెవి చూపుడువేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు.

"ఇక్కడున్నారేంటి మావయ్యా? చెరువో?"

"పెట్టె చూసుకుంటోందిలే, కూచో. మంచి కథ ఎత్తుకోబోతున్నా."

కూచున్నాడు. ఆయన కథ మొదలెడితే లేవడం ఎవరి తరం?

"బందరులో గిలకలదిండి దగ్గర లాంచీ ఫ్యానుకి వల చుట్టుకుందని కబురొస్తే దిగాను. వీపున గాలిపెట్టె. మనం వదిలిన గాలి బయటికి పోదయ్యా, అందులోనే శుభ్రమై మళ్ళీ మన నోటికే వస్తుంది. వాడేసిన ఆక్సిజన్ మాత్రం ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. తగ్గిందా, స్పృహ పోతుంది. ఎక్కువైందా, ఫిట్సే. కలపడానికి లోపల కంప్యూటరుంది, గుండె మీద బటనుంది. తెలివితక్కువవాడు కంప్యూటర్ని నమ్ముకుంటాడు, మొండివాడు బటన్ని నమ్ముకుంటాడు. మరి నేనేం చేస్తానో తెలుసా? ఆక్సిజన్ మరీ కింది అంకెకి పడితేనే లేచేలా కంప్యూటర్ని కాపలా పెట్టి, దానికి పై అంకెలో నా వేలితో నేనే నడుపుకుంటా. నేను మర్చిపోతే అది లేస్తుంది, అది చస్తే నేనుంటా."

కాంతారావుకి ప్రాణం లేచొచ్చింది. మనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

"వల కోశాను. కోశానా, కంప్యూటరు కాస్తా చచ్చింది! ఇంకోడైతే పైకి తేలేవాడు. నేను వేలు పెట్టి నొక్కుకుంటూ అలాగే ఉన్నాను."

"ఎన్ని గంటలుంటావేంటి?" అన్నాడు ఎదురుబల్ల మీది వెంకట్రామయ్య, టీ ఊదుకుంటూ.

"గంటలా? రోజులడుగు! నిద్రొచ్చేసింది. అటుగా ఓ తిమింగలం పోతుంటే దాని వీపు మీద పడుకున్నా."

"నిద్దట్లో ఆక్సిజనెవరు నొక్కారు బాబాయ్?"

"అదేనమ్మాయ్ మంగతాయారూ! నేను నిద్రపోయాను గానీ, నా వేలు నిద్రపోలేదు!"

పొయ్యి పక్కనున్న బుల్లి ఫ్యాను ఠక్కున ఆగింది. మంగతాయారు విసనకర్ర అందుకుని బొగ్గుల మీద విసరడం మొదలెట్టింది. కథ మాత్రం ఆగలేదు.

"ఆ తర్వాతేమైందో తెలుసా? హంసలదీవి దగ్గర మెలకువొచ్చి చూద్దును కదా, తిమింగలానికి ఆయాసం! పాపం, ఎంత దూరం మోసిందో. నా నోట్లో గొట్టం తీసి దాని నోట్లో పెట్టా. దానికో నొక్కు, నాకో నొక్కు. ఓపికొచ్చి అది కృష్ణలోకి ఎదురెక్కింది, పులిగడ్డ అక్విడెక్టు వంతెన కింద ఇరుక్కుంది. ఓ చేత్తో దాన్ని నెడుతున్నా, ఓ వేలితో నొక్కుతున్నా, గట్టు మీద జనం..."

"బాబాయ్," అంది మంగతాయారు విసరడం ఆపకుండా, "తిమింగలం సంగతి నాకు తెలీదు. నా పొయ్యికి కరెంటు పోగానే నేను విసనకర్ర పట్టుకున్నా. మీ చెరువుకి ఎవరు పట్టుకున్నారు?"

అందరూ ఆగిన ఫ్యాను వైపు చూశారు. తర్వాత ఆయన వేలికున్న తాళంచెవి వైపు చూశారు.

కాంతారావు ఆ తాళంచెవి లాక్కుని గట్టంట పరుగెత్తాడు. ఏరేటర్లన్నీ నిలిచిపోయి ఉన్నాయి. అంచున రొయ్యలు మీసాలు పైకెత్తి తేలుతున్నాయి. హ్యాండిలు తిప్పాడు, లేవలేదు. దేవుడా అంటూ మళ్ళీ తిప్పాడు. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది, ఏరేటర్లు నీళ్ళు చిమ్మాయి. రొయ్యలు ఒక్కొక్కటీ అడుక్కి జారేదాకా అక్కడే నుంచుని, వెనక్కొచ్చాడు.

నాగభూషణరావు బల్ల మీదే ఉన్నాడు. ఇంజను చప్పుడు విని ముఖం వెలిగిపోయింది.

"అద్గదీ! నే చెప్పిందేంటి? మిషను చస్తే చెయ్యే దిక్కు!" అని, తాళంచెవి కోసం అలవాటుగా వేలు చాపాడు.

కాంతారావు దాన్ని తన జేబులో వేసుకున్నాడు.

"పాపం, ఇన్నేళ్ళూ నిద్రలేని వేలు మావయ్యా అది," అన్నాడు. "ఇవాళ్టి నుంచి పడుకోబెట్టండి."