ఓబలప్ప ఎప్పుడు పుట్టినాడు

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, 1979 మార్చి మొదటి వారం. గని టైం ఆఫీసులో బల్లకు ఒక పక్క గుమాస్తా పద్మనాభ. ఇంకో పక్క, ముప్పై అయిదేళ్ళుగా గనిలోకి దిగుతున్న నెరిసిన మీసాల కార్మికుడు.

“చేరిన దినం వయసు ‘సుమారు ఇరవై’ అని రాసుండాది. అంటే ఏమప్పా అర్థం? పద్దెనిమిదా, పాతికా?”

“రాసిన దొరను అడగల్ల సామీ. మూతి చూసి రాసేసినాడు.”

“ఆ దొర ఇప్పుడు యాడ ఉండాడో! ఇది గవర్నమెంటు గని, సుమారు పనికిరాదు. పుట్టిన తేదీ కావల్ల. యాభై ఎనిమిది నిండితే ఇంటికే. చెప్పు, ఓబలప్ప ఎప్పుడు పుట్టినాడు?”

“రాయకుండా వదిలేస్తే కాదా సామీ? ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చి పడతాది. గొర్రెలతో పాటు నన్నూ తోలుకుంటానని నా పెండ్లాం ఇప్పుడే చెప్పేసింది. ఇంగ కొన్నేండ్లు దిగనీ.”

“దిగు, వద్దంటినా? తేదీ దొరకనీ.”

“మా పల్లెలో తేదీ యాడిది సామీ...”

“దొరుకుతాది. నేను బీయస్సీ మ్యాథ్స్! తెలీని సంఖ్యను రెండు హద్దుల నడమ పెట్టల్ల. సరిగ్గా మధ్యలో నిలబడి ఒకటే అడగల్ల, ఈ పక్కా ఆ పక్కా అని. అడిగినప్పుడల్లా సందు సగమైపోతాది. ఎనిమిదేండ్లు నాలుగు, నాలుగు రెండు, రెండు ఒకటి...”

“చేన్లో ఎలుక బొక్కలు ఒక్కోటే మూసుకుంటా వచ్చినట్టు.”

“అద్దదీ! ఇంగ ఎలుక యాడికి పోతాది? షరతు ఒకటే. మనకు కావల్సిన ఎలుక ఆ చేన్లోనే ఉండల్ల. అబద్ధం చెప్పగూడదు.”

“మారెమ్మ మీద ఆన సామీ. మీరు ఏది అడిగితే దానికి నిజమే చెప్తా.”

“పెద్ద జ్వరం వచ్చి ఊళ్ళకు ఊళ్ళు పోయినాయి గదా, పంతొమ్మిదివందల పద్దెనిమిదిలో. అప్పటికి ఓబలప్ప పుట్టినాడా?”

“లేదు లేదు. మా అమ్మ కాపురానికే రాలేదు.”

“ఆయ్తు, సరే, ఇది కింది హద్దు. పై హద్దు?”

“ఇరవైఆరులో మా పల్లెలో ఇస్కూలు కట్టినారు. ఆ ఇసుకలో ఓబలప్ప ఆడుకున్నాడంట.”

“ఆడుకున్నాడంట! ఏమప్పా, రాజు మాదిరి నీ పేరు నువ్వే చెప్పుకుంటా ఉండావు?”

“మీరు ఎట్ల అడిగితే అట్ల చెప్తా ఉండా సామీ.”

“సరే, సరే. ఎనిమిదేండ్ల సందు. మధ్యలో ఇరవైరెండు. ఆ ఏడు ఏమైంది?”

“ఏడు మొదట్లోనే, సంక్రాంతి చలిలో ఊరి బావి తవ్వినారు. గట్టు మీద రాయికి ఏడు చెక్కినారు. ఓబలప్ప పాకతా పోయి ఆ మట్టి తిన్నాడంట.”

“నాలుగేండ్లకు వచ్చేస్తిమి! మధ్యలో ఇరవై.”

“ఇరవై ఎండాకాలంలో మా మేనత్త పెండ్లి. ఆమెకు పెట్టిన ఇత్తడి బిందె మీద ఏడు ఉండాది. అప్పటికి మా అమ్మ ఇంకా నెల తప్పలేదు.”

“రెండేండ్లు లేదు ఇంగ! పుట్టింది ఏ కాలం?”

“చింతకాయ రాల్చే కాలం.”

“పెండ్లికీ బావికీ నడమ చింతకాయ కాలం ఒక్కసారే వచ్చింది. ఇరవైఒకటి! చూసినావా, ఎట్ల దగ్గరకొస్తా ఉండామో? చెప్పు, చెప్పు, ఏ దినం?”

“శివరాత్రి జాగారం నాడు అమ్మకు నొప్పులు. తెల్లారేసరికి ఓబలప్ప.”

“పాత పంచాంగం ఉండాది, ఉండు... ఇదో! మార్చి తొమ్మిది, పంతొమ్మిదివందల ఇరవైఒకటి! ఒక్క దినం కూడా సందు లేదు ఓబలప్పా! నాకు చదువు చెప్పిన అయ్యవారు చూసుంటే...”

“అంటే యాభై ఎనిమిది ఎప్పుడు సామీ?”

“వచ్చే శుక్రవారం... అయ్యో.”

“శుక్రవారమా?”

“లెక్క సంతోషంలో అది చూసుకోకపోతిని. క్షమించప్పా. శుక్రవారమే ఆఖరు. నా చేత్తో నేనే రాసి...”

“ఎందుకు సామీ అంత బాధ? ఓబలప్ప న్యాయంగా రిటైర్ కావల్సిందే. నలభైనాలుగులో పేరు రాయించి పని బిల్ల తీసుకున్నాడు, షాఫ్టు గుంతలోకి తొంగి చూసినాడు, అంతే, కామసముద్రం ఊరి దాకా ఒకటే పరుగు. ఇప్పటికీ రాగి చేను వదల్లా.”

“ఎవరు?”

“మా అన్న.”

“మీ... మరి ఇన్నేండ్లు దిగింది ఎవరప్పా?”

“బిల్ల ఊరికే పోతాదని అన్న పేరు మీదనే నేను దూరినా. మీరు ఓబలప్ప సంగతి అడిగితిరి, నేను చెప్పితిని. ఆన తప్పలా. ఎలుక దొరికింది గానీ సామీ, పక్క చేన్లోది!”

“అమ్మా తల్లీ... ఇప్పుడు నేనేం రాయల్ల?”

“పెన్ను కింద పెట్టద్దండి సామీ. మళ్ళీ మొదట్నుంచి అడగండి, ఈ పిల్లప్ప ఎప్పుడు పుట్టినాడని. కింది హద్దు నేనే చెప్తా. ఇస్కూలు కట్టినాక!”