సూరమ్మ చీర

సూరమ్మ గొడ్ల పాక వెనకాల పాడుబడ్డ నుయ్యుంది చూశారూ, పట్టపగలు కూడా ఎవరూ అటు పోరు, అదే. దెయ్యముందంటారు. ఉంది, కాదనను. కానీ సూరమ్మని దెయ్యాన్ని చేసిపెట్టింది దాని కడుపున పుట్టిన ఇద్దరు మొండిఘటాలు. ఒరేయ్, ఆ పీట ఇటు జరుపు, నడుం పట్టేసింది.

చంటిది కడుపులో ఉండగానే సూరమ్మ మొగుడు పోయాడు. చంటిది పాకే వేళకి జొరమొచ్చి సూరమ్మా పోయింది. ఇంక ఇంటికి పెద్దాడు గవర్రాజు, వాడికి మీసమైనా రాలేదు, వాడి చెల్లెలు మాణిక్యం. చంటిదానికి గేదె పాలే దిక్కు, ఆ గేదేమో సూరమ్మకి తప్ప ఎవరికీ చేపి పాలివ్వదు. మాణిక్యం ఏం చేసిందీ, అమ్మ చీర కట్టుకుని కూర్చుంది, వాసన పట్టి గేదె చేపింది. తెలివైన పిల్లేనా కాదా? పొలం నుంచొస్తున్న గవర్రాజు ఆ చీర చూసి, అమ్మే అనుకుని పరిగెత్తుకొచ్చాడంట. మొహం చూసేసరికి ప్రాణం ఉసూరుమందంట. ఏడిస్తే పోయేది కదా, వెధవ! ఏడవకుండా, చీర కడితే అమ్మవైపోతావా, ఈ ఇంటికి పెద్దని నేను అని అరిచి, మర్నాడు దండెం మీదున్న చీర తీసుకెళ్ళి నూతిలో పారేశాడు. పారేసినవాడివే తియ్యి అని అది, తియ్యనని వీడు. ఇరుగుపొరుగువాళ్ళం మేం పాలు పంపితే వెనక్కి పంపాడు, పెద్దవాడు కదా మరి, పౌరుషం! చంటిది గుక్కపట్టి ఏడుపు.

ఆ సాయంత్రం గడప మీద చెంబు నిండా పాలున్నాయి. అన్నకి బుద్ధొచ్చి చీర తీసి తనే పితికాడనుకుంది మాణిక్యం. చెల్లెలే నూతిలో దిగి తెచ్చుకుందనుకున్నాడు గవర్రాజు. ఒక్క మాట అడిగితే ఏం పోయిందర్రా? అడిగితే తగ్గినట్టంట! రోజూ పాలొస్తున్నాయి, గడప నుంచి పాక దాకా నేలంతా తడి, వీళ్ళేమో మూతులు ముడుచుకుని తిరుగుతున్నారు.

ఒకనాడు దీపాలు పెట్టే వేళ పాకలో పాలధార చప్పుడైంది. ఇవాళ పట్టుకుని కడిగేద్దామని వాడు వీధి వైపు నుంచి, అది పెరటి వైపు నుంచి వచ్చి ఎదురెదురుగా నిలబడ్డారు. మరి పితికేదెవరు? చీర నీళ్ళోడుతూ సూరమ్మ లేచింది. అమ్మా అని ఒక్కళ్ళైనా అన్నారా? నీ చీర కట్టిందే అని వాడు, నీ చీర పారేశాడే అని అది, చచ్చి తిరిగొచ్చిన తల్లికి చాడీలు మొదలెట్టారు! సూరమ్మకి విసుగెత్తి, చంటిది ఎవరి దగ్గరుందర్రా అని అడిగిందంట.

వాడు దాన్ని చూశాడు, అది వాడిని చూసింది. అప్పుడు పరిగెత్తారు. నూతి గట్టు ఒక పక్క విరిగుంది, అక్కడ చంటిది బోర్లా పడుకుని లోపలికి జారుతోంది. చెరో కాలూ పట్టుకుని లాగి, అక్కడే కూలబడి, తల్లి పోయిన రోజున ఏడవాల్సిన ఏడుపంతా ఇద్దరూ కలిసి ఏడ్చారు.

సూరమ్మ మాత్రం పోలేదు. అటు ఎవరు పోయినా అదే అడుగుతుంది. కాబట్టి పోకండి, పోయి నీళ్ళు నమిలితే నాకు సంబంధం లేదు. ఏమే చామంతీ, ఇంతసేపూ నోరు తెరుచుకుని విన్నావు, నీ తమ్ముడేడే?