తీతు అన్న కుర్చీలు, సాంబమూర్తి గారి నిమ్మకాయ

సభకు వచ్చిన పెద్దలకు, కాలనీ వాళ్లకు, ముందు వరుసలో ఉన్న తీతు అన్న భార్య రెబెక్క వదినకు నమస్కారం. నేను ఆనంద్ కుమార్, ఈ కాలనీ సంఘం కార్యదర్శిని. మన వడ్రంగి తీతు అన్న పోయి పది రోజులు. ఇంతమంది వచ్చారు, సంతోషం. బతికున్నప్పుడు ఇందులో సగం మంది ఆయన గడప తొక్కి ఉంటే ఎంత బాగుండేది!

ముందు ఒక మాట. ఆయన ఫొటోను దేని మీద పెట్టారో చూశారా? టెంట్ హౌస్ వాళ్ల పెళ్లికొడుకు కుర్చీ మీద! బంగారు రంగు, ఎర్ర మఖ్మల్, రెండు పక్కలా సింహాలు. నగిషీ అంటేనే మొహం చిట్లించే మనిషిని తెచ్చి సింహాల మధ్య కూర్చోబెట్టారు. శభాష్!

ఆయన చేసే కుర్చీ ఎట్లా ఉండేది? టేకు చట్రం, కేన్ అల్లిక. కాళ్లు ఇంగ్లిష్ 'V' అక్షరం బోర్లించినట్టు. సీటు వెనక్కి రెండు వేళ్లు వాలి ఉంటుంది. అంతే. ఎప్పుడో డెబ్బై ఏళ్ల కిందట సర్కారు ఆఫీసుల కోసం ఎవరో గీసిన డిజైన్. అలాంటి పాత కుర్చీ ఒకటి రిపేరుకొస్తే విప్పి, కొలతలు నేల మీద సుద్దతో గీసుకుని నేర్చుకున్నాడు. 'గిది నా తెలివి గాదు, నేను చెడగొట్టకుంటే చాలు' అనేవాడు. మనలో ఎవరికైనా ఉందా ఆ బుద్ధి?

గడ్డిఅన్నారంలో ఆయన దుకాణం పక్కన పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో, కుర్చీ తయారు కాగానే, లోడు దించి అలసిపోయిన హమాలీని పిలిచి కూర్చోబెట్టేవాడు. 'వానికి కునుకు రావాలె, గప్పుడు కుర్చీ పాసయినట్టు.' కునుకు రాలేదా, మళ్లీ విప్పేవాడు.

అలాంటివి ఇరవై నాలుగు మన వనస్థలిపురం హాలుకు చేసిచ్చాడు. మనమేం చేశాం? అధ్యక్షులు సాంబమూర్తి గారు సీటు మీద నిమ్మకాయ పెట్టారు. అది వెనక్కి దొర్లింది. 'చూశారా, కుర్చీ వంకరండీ!' అన్నారు. తలకాయ ఉన్నవాడెవడైనా ముందు కూర్చుని చూస్తాడు. మనం నిమ్మకాయను నమ్మాం! చేతులెత్తి తీర్మానం చేసి, ముందు కాళ్లు రెండేసి వేళ్లు కోయించాం. దగ్గరుండి కోయించింది నేనే. ఇక కూర్చున్నవాళ్లంతా ముందుకు జారడం, నడుము నొప్పులు. తప్పెవరిది? చేసినవాడిదట! అవి స్టోర్ రూమ్‌లోకి పోయాయి, మనం ఈ ప్లాస్టిక్ కుర్చీల్లోకి వచ్చాం.

కోసిన రోజు సాయంత్రం తీతు అన్న వచ్చాడు. నేల మీద పడున్న నలభై ఎనిమిది ముక్కలూ ఏరుకుని, తువ్వాల్లో మూటగట్టుకుని పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మొన్న రెబెక్క వదిన ఆ మూట నా చేతిలో పెట్టింది. ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో రాసుంది, ఏ నంబరు కుర్చీదో, కుడికాలో, ఎడమకాలో. 'పిలుస్తరు, పోయి అతికిస్తా అని మూడేండ్లు చూసిండు' అన్నది వదిన. మూడేళ్లు! ఎల్బీ నగర్ చౌరస్తా దాటి ఆయన దుకాణానికి పోవడానికి మనకు మూడేళ్లు చాలలేదు.

సోమవారం పాత సామాన్ల బండి వస్తుందట, ఆ కుర్చీల కోసం. అధ్యక్షుల వారి ఏర్పాటు. రానివ్వండి, ఖాళీగా పోతుంది. స్టోర్ రూమ్ తాళంచెవి నా జేబులో ఉంది. తీతు అన్నతో ముప్పై ఏళ్లు పనిచేసిన మధు పనిముట్లతో, ఆ ముక్కల మూటతో వరండాలో కూర్చున్నాడు. మౌనం అయ్యాక ఎవరూ మళ్లీ కూర్చోవద్దు. తలా ఒక కుర్చీ మోసుకెళ్లి మధు ముందు పెట్టండి. మొదట అతికిన దాని మీదికి ఈ ఫొటో మారాలి. సాంబమూర్తి గారూ, మీరు కూడా మోయాలి. నిమ్మకాయ అక్కర్లేదు.

ఇక లేవండి. రెండు నిమిషాలు నోరు మెదపకుండా నిలబడదాం. కష్టమేం కాదు. ఆ రోజు రంపం ఆడుతున్నంతసేపూ మనం ఇట్లాగే నిలబడ్డాం.