నానా సెలవిచ్చారు

ఊరి రాజైన నానా ఎవరితోనూ నేరుగా మాట్లాడడు. ఆయన మాట వినిపించేది ఒక పెద్దమనిషి నోటి నుంచే. ఆ పెద్దమనిషి రాజుగారి గుమ్మంలో కూర్చుని, ఎదుట నిలబడ్డ ఒక రైతమ్మకు కబురు చెప్పాడు.

"నీ కోకో తోట రాజుగారి భూమిలో కలిపెయ్యమని నానా సెలవిచ్చారమ్మా."

"ఎప్పుడు పెద్దయ్యా?"

"ఈ పొద్దున్నే."

"ఆయన వానలకు ముందు నుంచీ ఎవరికీ కనబడలేదు. ఊరంతా ఇంకోలా అనుకుంటోంది..."

"ఏమని? పైకి అను చూద్దాం. రాజు గురించి ఆ మాటంటే గొర్రె జరిమానా!"

"నేనేమన్నానని? ఫుఫూ ముద్ద, పల్లీల పులుసు తెచ్చాను. నా చేత్తో పెట్టి, కాళ్ళు పట్టుకుంటాను. పిల్లలకు ఆ తోటే ఆధారం."

"ఆయనకు జలుబు. ఇలా తే."

గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళినవాడు కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"బాగుందన్నారు. ఉప్పే కాస్త తక్కువట."

"మరి తోట?"

"మాట మారదన్నారు."

ఆమె ఖాళీ గిన్నెలోకి చూసింది.

"పోనీలే పెద్దయ్యా. కొత్త రాజు వచ్చాకే చెప్పుకుంటాను."

"కొత్త రాజు ఇప్పుడెందుకమ్మా? ఇంత మంచి రాజు మాకు ఎన్నడూ దొరకలేదు. ఈమధ్య మేమేం చేసినా ఒక్కసారీ కాదనలేదు!"