అన్నయ్య ట్రాక్ మీద

రికార్డింగ్ గదిలో మరిది పెట్టిన ఆల్బమ్ అయిపోగానే ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

“మీ అన్నయ్య రాక్ పాటలన్నీ జమైకావాళ్ల రెగె బాణీలోకి మార్చావు, డబ్ చేశావు. బాగానే ఉన్నాయి. డబ్ అంటే గొంతు తగ్గించి డ్రమ్స్, బేస్ పెంచడమని ముందే చెప్పావు, సరేనన్నాను. కానీ చివరి పాట పాడిందెవరు?”

“నేనే, వదినా. అన్నయ్య పాడిన తీరు ఈ నిదానపు నడకకి కుదరలేదు.”

“కుదరకపోతే ఆ పాట మానెయ్యాల్సింది. అది రికార్డుగా రాలేదనీ, నా ఒక్కదాని కోసమే పాడాడనీ నీకు తెలియదా?”

“తెలుసు.”

“సరే, నా టేపు నాకిచ్చెయ్. ఇంటికెళ్లి ఆయన పాడిందే వింటాను.”

“ఇస్తాను గానీ...”

“నసగకు.”

“టేపులో ఎనిమిదే ట్రాక్‌లు, వదినా. గొంతుకొకటి, ఒక్కో వాయిద్యానికొకటి. అన్నీ నిండిపోయాయి. చోటులేక అన్నయ్య గొంతున్న ట్రాక్ మీదే పాడేశాను.”

“కాపీ తీసుకోకుండానా?”

“మంచి ఊపులో ఉన్నాను. ఆగబుద్ధి కాలేదు.”

“ఆయన పోయాక ఇన్నేళ్లు చీరల మధ్య దాచుకున్నానయ్యా దాన్ని! పరాయివాళ్లు అడిగితే ఇవ్వలేదు. నువ్వని ఇచ్చాను.”

“మొత్తం పోలేదు. నేను అందుకునే ముందు ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు మిగిలింది.”

“ఏదీ, పెట్టు.”

“ఇదిగో, ఇక్కడ. వినబడిందా?”

“ఊఁ. మళ్లీ పెట్టు. నీ గొంతు రాకముందే ఆపెయ్.”