ఎలుగుబంటీ, నా దగ్గూ

"అమ్మమ్మా, రికార్డింగ్ ఆన్ చేసేశా. గౌరు మావయ్య ఫోన్‌లో అన్నాడు, తాతయ్యకి గురి కుదిరేదే కాదంట. ఆర్చరీలో నాకూ అదే వచ్చిందంట. ట్రూ ఆ?"

ఎవడన్నాడా మాట, గౌరుగాడా? ఉండు, ఆ ఫోను ఇలగ పెట్టు. ఫేను హోరు పడతంది అందులో. ఆ... ఇప్పుడు చెప్తాను. వాడికేటి తెలుసమ్మా, వాడప్పటికి పుట్టనే లేదు. కాదు కాదు, పుట్టేడు, ఉయ్యాల్లో ఉన్నాడు. వాళ్ల నాన్న మీ తాతకి అన్నయ్య, నాకు బావగారు. ఆయన చెప్పిందే వీడు చిలకలాగ చెప్తాడు. మీ తాతకి గురి తప్పడమేటి? పచ్చి మామిడికాయ తొడిమ తెగ్గొట్టీవోడు, కాయకి దెబ్బ తగలకుండాను. నువ్వు స్కూల్లో రంగురంగుల అట్టకి కొడతావు చూడు, అలాటివి ఆయనకి ఓ లెక్కా.

నీ విల్లు చూస్తే నాకు నవ్వొస్తాది. దానికన్ని పుల్లలు, బరువులు, మళ్లీ దానికో సంచీ. మీ తాతది ఒట్టి వెదురుబద్ద. నారి కూడా వెదురు తొక్కే. నిలబెడితే నీకంటే పొడుగు. మా మావ, అంటే మీ తాత వాళ్ల నాన్న, కొండ మీద మనుషుల దగ్గర నేర్చుకుని కొడుకులిద్దరికీ నేర్పేడు. చట్టాలు రాని రోజులమ్మా అవి. ఇప్పుడలగ చేస్తే జైల్లో పెడతారు, పెట్టాల్సిందే.

నాకు పెళ్లయి అప్పటికి ఆర్నెల్లు. ఉద్దానంలో కొండ కింద మాకు జీడితోట ఉండీది. పిక్కలు ఏరే రోజులు. బావగారు పొద్దున్నే వెళ్లి వంగుని ఏరుతున్నారు, పొద వెనకాల ఎలుగుబంటి పడుకునుంది, ఈయన చూసుకోలేదు. అది లేచి మీద పడిపోయింది. ఎలుగు ముందర మొహమే పడతాది, తెలుసా? ప్రాణం దక్కింది గాని ఓ కన్ను పోయింది. మరింక కూలోళ్లు తోటలోకి రామన్నారు. పిక్కలన్నీ నేల మీదే పడున్నాయి. ఇంటిల్లిపాదికీ యేడాది తిండి ఆ తోటే కదా. దాన్ని కొట్టీదాకా ఈ ఇంట్లో పండగ లేదన్నాడు మావ.

కొట్టాలంటే వెంటపడితే అయ్యీది కాదు. మేత పెట్టి మప్పాలి, అలవాటు చెయ్యాలి. రోజూ ఒకే చోట, ఒకే వేళకి, ఒకే మనిషి పెట్టాలి. మనిషి మారితే వాసన మారిపోతాది, అది రాదు. నా తోడికోడలు మొగుడి మంచం దగ్గర కూర్చునుంది, మరి నేనే వెళ్లాలి. ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉండీది. మేత పెట్టిన చెయ్యి విల్లు ముట్టకూడదు. ఎందుకని అడిగేను. "అన్నం పెట్టిన చేత్తో చంపుతామేటే?" అన్నాడు మావ. అంతకంటే చెప్పలేదు.

పనసపండమ్మా మేత. బాగా ముగ్గిపోయింది చీల్చి, మధ్యలో బెల్లం ముద్ద పెట్టి, తోట చివర చప్టా బండ ఉంటే దాని మీద పెట్టీదాన్ని. చీమలు పట్టేస్తాయంటే, పట్టనీ, అది చీమల్ని కూడా నంజుకుంటాదని నవ్వీవోడు మావ. ఇక్కడ మార్కెట్లో ఆ చైనా ఆంటీ పనసనే నంగ్కా నంగ్కా అని ఆరు తొనలు డబ్బాలో పెట్టి నాలుగు డాలర్లంటాది. ఆరు తొనలు! మాకు చెట్టు కింద రాలిపోతే పశువులు తినీవి. అయినా కొంటాను. ఎందుకో మీ అమ్మకి తెల్దు. మూత తీస్తే చాలు, ఆ బండా, ఆ తోటా, ఆయనా, అన్నీ ఒక్కసారి వొచ్చీస్తాయి. మీ అమ్మేమో వాసనని కిటికీలు తీసీస్తాది.

ఏటి చెప్తున్నాను? ఆ, మేత. మూడు రోజులు ముట్టలేదు. నాలుగోనాడు చూస్తే బండ నాకీసుంది. ఆరో రోజు నేను పెట్టి వెనక్కి తిరిగీసరికి పొదలో చప్పుడు. తిరిగి చూసేను. మన గుమ్మం దగ్గర్నించి లిఫ్టు ఎంత దూరం, అంతే. ఇంత జుట్టేసుకుని, రొమ్ము మీద తెల్లగా నామం. నన్ను చూసింది. ముక్కెత్తి గాలి పీల్చింది. మళ్లీ తల దించుకుని తినడంలో పడిపోయింది, పళ్లు లేని ముసలాడు మామిడిపండు జుర్రుకున్నట్టు. భయం పోలేదు, అబద్ధమెందుకు. కాని ఇంకోటి కూడా అనిపించింది. ఆ ఇంట్లో మా అత్త ఉప్పెక్కువంటాది, మావ కారం తక్కువంటాడు, నేను పెట్టింది వంకపెట్టకుండా తిన్నది అదొక్కతే.

నవ్వు, నవ్వు. నీకూ అత్తొస్తాది.

పదకొండోనాడు మావ అన్నాడు, ఈవేళ కొట్టీయమని. నేను మేత పెట్టీసి ఒక్కర్తినీ తిరిగెళ్తే దార్లో ఎదురుపడతాదేమోనని, బండకి ఎదురుగా కట్టిన మంచె మీదకి మీ తాత నన్ను కూడా ఎక్కించీసేడు. మాటాడొద్దు, కదలొద్దు అన్నాడు. ఇంకా ఎండ ఉంది. పెళ్లయ్యాక మేం ఇద్దరం అంతసేపు పక్కపక్కన కూర్చోడం అదే మొదలమ్మా. అంతమంది ఉన్న ఇంట్లో ఎక్కడ కుదురుతాది? ఆయన భుజం నా భుజానికి ఆనుకునుంది. జీడిపళ్ల వాసన. ఎలుగు రాకపోతే బావుణ్ణనుకున్నాను, ఇంకాసేపు అలగే కూర్చోవచ్చు కదాని.

వొచ్చింది. రోజూ వొచ్చీ వేళకే. మంచె కిందనించే నడిచి బండెక్కింది. ఎక్కి, తినలేదు. ముందర పక్కకి తిరిగి, నేను రోజూ నిలబడీ చోటుకేసి చూసింది. అక్కడ నేను లేను. మీ తాత లాగేడు. నారి చెవి దాకా వొచ్చింది. ఆయన చెయ్యి ఇంత కూడా వణకలేదు. అది నేను ఈ రెండు కళ్లతో చూసేను, గౌరుగాడికి చెప్పు. అప్పుడు నాకు దగ్గొచ్చింది. గొంతులో ఏదో గరగర... దగ్గీసేను.

అది చటుక్కున పక్కకి గెంతింది. బాణం బండకి తగిలి విరిగిపోయింది. మరి చూడు, కొండెక్కీదాకా కొమ్మలు విరుగుతున్న చప్పుడే.

మీ తాత దిగేడు, విరిగిన బాణం ఏరుకున్నాడు, ఇంటికొచ్చేం. బావగారు మొహానికి కట్లతో మంచం మీద లేచి కూర్చునున్నారు, పడిందా అని అడిగేరు. నేను నోరు తెరిచేను. మీ తాత నాకంటే ముందర అనీసేడు.

"నా గురి తప్పిందన్నయ్యా."

తెరిచిన నోరు మూసీసేను. అదీ నేను చేసిన పని.

ఎలుగు మళ్లీ రాలేదు. కూలోళ్లొచ్చేరు, సగం పంట దక్కింది. కాని బావగారు పోయీదాకా తమ్ముడితో సరిగా మాటాడలేదు. ఆయన తప్పేటుంది, కన్ను పోయింది ఆయనకి. గురి తప్పినోడని ఇంట్లో పేరు పడిపోయింది. విల్లు దూలానికి కట్టీసేడు మీ తాత, మరి దించలేదు.

నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదమ్మా. కాని ఒకటుండీది. నేను ఎప్పుడు దగ్గినా, ఏ పనిలో ఉన్నా తలెత్తి "ఎల్లిపోయిందా?" అనీవోడు. "ఎప్పుడో ఎల్లిపోయింది" అనీదాన్ని. అంతే. యాభై యేళ్లు. మీ అమ్మ చిన్నప్పుడు ఏటి ఎల్లిపోయింది, ఏటి ఎల్లిపోయింది అని ప్రాణం తీసీది. ఇద్దరం చెప్పలేదు. నువ్వు పుట్టేక ఈ దేశం వొచ్చేమా, యీషున్‌లో మన బ్లాకు వెనక చెట్ల దగ్గర పంది బొమ్మేసి బోర్డుంది కదా, అడివిపందులకి మేత పెట్టకూడదని. మీ నాన్న చదివి చెప్తే, మీ తాత నాకేసి చూసి, "ఇక్కడ నీకు పని లేదే" అన్నాడు. అల్లుడి ముందర నవ్వాపుకోలేక చచ్చేను.

ఆయన పోయి రెండేళ్లు. మొన్న జలుబు చేసి దగ్గేను చూడు. మీ అమ్మ సిరప్పు పట్టుకొచ్చింది. మీ నాన్న పాలీక్లినిక్‌కి పదమన్నాడు. నువ్వు మాస్కు వేసుకోమన్నావు. అందరూ మంచోళ్లే. నేను ఆ కిటికీ దగ్గర ఆయన కుర్చీకేసి చూసి, కాసేపు ఆగేను. అలవాటు కదా. ఎవరూ అడగలేదు.

ఆపీసేవా? ఆపకు. అసలుది చెప్పలేదు. నాకారోజు గొంతు బాగానే ఉంది. గరగరా లేదు, ఏమీ లేదు. కావాలనే దగ్గేను. విల్లు ముట్టకూడదని నా చేతికి కట్టు పెట్టేరు గాని, నోటికి ఎవరూ పెట్టలేదు కదా. ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అయినా నా నోటితో ఒక్కసారి చెప్పాలని ఉండీది. రేపు చెప్తాలే, రేపు చెప్తాలే అనుకుని... ఎంత బెంగగా ఉంటాదో తెలుసా, ఒక్కసారి ఆ కుర్చీలో కనపడితే చాలు, చెప్పీసి...

సర్లే. ఇది గౌరుగాడికి పంపు, వాడి పిల్లలకి కూడా వినిపించమను. నీకు గురి కుదురుతాది, అది మీ తాత చెయ్యే. నిండు నూరేళ్లు బతుకు తల్లీ. దగ్గితే సిరప్పు తెచ్చీవోళ్లు నీకు బోల్డుమంది ఉంటారు. ఎల్లిపోయిందా అని అడిగీవోడు దొరకాలి. దొరికి, నీ తరవాతే పోవాలి వాడు.

ఊఁ, ఇప్పుడాపు.